సుంకేసుల నీళ్లలో కరెంటు మోటారుతో మూడేళ్లు

మా బావకు చేపలు పట్టే లైసెన్సు ఉంది, నాకు కర్నూలులో చిన్న కరెంటు సామాన్ల అంగడి ఉంది. కాబట్టి పడవ ఆయనది, దానికి తగిలించిన ట్రోలింగ్ మోటారు, అంటే బ్యాటరీతో నీళ్లలో ఫ్యాను తిప్పి పడవను నడిపే చిన్న మోటారు, దాని తలనొప్పి నాది. సుంకేసుల బ్యారేజీ వెనక తుంగభద్రలో 12 అడుగుల ఫైబర్ పడవ మీద మూడేళ్లుగా వాడుతున్నాం. 12 వోల్టుల మోటారు, 55 పౌండ్లది, అంటే సుమారు 25 కిలోల బలంతో పడవను తోస్తుంది, ముందుకు ఐదు స్పీడ్లు, వెనక్కి మూడు. అది మొరాయించిన ప్రతిసారీ ముందు మోటారునే తిట్టాం, కానీ నిజంగా మోటారు లోపల చెడింది రెండేసార్లు, ఆ రెండూ మా చేతులారా చేసుకున్నవే.

మొదటి ఎండాకాలంలోనే ఐదో స్పీడులో పెట్టినా పడవ నత్తలా కదిలేది. పుట్టిలో పోయేవాళ్లు తెడ్డేసుకుంటూ మమ్మల్ని దాటిపోయి, "ఏమప్పా, ఆ ఫ్యాను పడవకు పెట్టినారా, గాలికి పెట్టుకున్నారా?" అని నవ్వేవాళ్లు. నేను బ్యాటరీ పోయిందనుకొని అంగడి నుంచి ఇంకో ఇన్వర్టర్ బ్యాటరీ మోసుకొచ్చా, నడుము పట్టేసింది తప్ప తేడా ఏమీ రాలేదు. చివరికి మోటారు నీళ్లలో తిరుగుతుండగా మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, మోటారు వైరు దగ్గర 10.4. మోటారు ఆపేసి చూస్తే రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, అందుకే అన్నాళ్లు దొరకలేదు.

సంగతేమిటంటే, వెనక మేమిద్దరం కూర్చుంటాం కదా, బరువు సరిపోవాలని బ్యాటరీని పడవ ముందు పెట్టి అక్కడి నుంచి 4 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు లాగాను. రానూ పోనూ కలిపి 8 మీటర్లు. ఐదో స్పీడులో ఈ మోటారు దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంత కరెంటుకు ఆ రాగి వైరులోనే 1.8 వోల్టుల పైన పోతుంది. ఇంట్లో 230లో రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే ఆరోవంతు పోయినట్టే. రోజూ వైరు అమ్మేవాణ్ణి, నాకే ఈ లెక్క తట్టలేదు! 10 స్క్వేర్ ఎంఎం లావు వైరు వేశాక నష్టం 0.7కి దిగింది, పడవ నడక మారిపోయింది. వైరు చెయ్యి పెట్టి చూసినా తెలుస్తుంది లెండి, కాస్త నడిపాక వేడెక్కిందంటే అది సన్నవైరు.

తర్వాత ఒకసారి నడిమధ్యలో ఆగుతూ, మళ్లీ తిరుగుతూ సతాయించింది. వైరు చివర బిగించే థింబుల్స్ విప్పితే లోపల పచ్చగా చిలుము. ఎమరీ పేపర్‌తో రుద్ది, వ్యాజలైన్ పూసి బిగించా, అయిపోయింది. ఇప్పుడు నెలకొకసారి అదే పని, ఐదు నిమిషాలు. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశా: ఇళ్లలో వాడే మామూలు ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్ (బ్రేకరు), పెట్టాను. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆ సున్నా లేదు, రవ్వ అలాగే సాగుతుంది. మాది లోపల నల్లగా మాడింది. డీసీకని రాసి ఉన్న 60 ఆంపియర్ల బ్రేకరే కొనండి, బ్యాటరీకి దగ్గరగా పెట్టండి.

ఇక మోటారు లోపలి రోగాలు. మేనల్లుడు ఒడ్డున, నీళ్లు లేకుండానే రెండో స్పీడులో కాసేపు తిప్పి ఆడుకున్నాడు. మరుసటి రోజు ఐదో స్పీడు తప్ప మిగతావేవీ పనిచేయలేదు. ఇలాంటి స్పీడు గుబ్బ మోటార్లలో తక్కువ స్పీడ్ల కరెంటు కింది గొట్టంలో ఉండే, కరెంటును తగ్గించే కాయిల్ గుండా పోతుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. చివరి స్పీడు మాత్రం కాయిల్‌తో పని లేకుండా నేరుగా పోతుంది. కాబట్టి ఒక్క టాప్ స్పీడే తిరుగుతోందంటే మోటారు కాదు, కాయిల్ కాలిందని అనుమానించొచ్చు. మా బావ మాత్రం, "ఫుల్లు స్పీడ్ ఉంది కదరా, ఇంకేం కావల్ల?" అని వారం రోజులు అలాగే తోలాడు.

రెండోది నైలాన్ దారం. తెగిన వల పోగు ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు లోపలికి కోసుకుంటూ పోయింది, మాకు తెలియలేదు. మోటారు గరగరలాడడం మొదలయ్యాక విప్పితే నల్లటి నీళ్లు కారాయి. బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో శుభ్రం చేసి, ఆరబెట్టి, కార్బన్ బ్రష్‌లు మార్చారు, సీలు మాత్రం పాతది పట్టుకెళ్తే బేరింగుల అంగడిలో సైజు చూసి ఇచ్చారు. అప్పటి నుంచి ఒడ్డుకు రాగానే నట్టు విప్పి ఫ్యాను లాగి చూస్తాం. అక్కడే అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, రాయికి తగిలితే ముందు విరిగేది అదే. మోటారు శబ్దం బాగుండి పడవ కదలడం లేదంటే మొదట ఆ పిన్నే చూడండి. మేం రెండు పిన్నులు, ఒక స్పానరు బ్యాటరీ డబ్బాలోనే పెట్టుకుంటాం.

బ్యాటరీ 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్. 50 ఆంపియర్లకు మూడు గంటలు వస్తుందని లెక్కేయకండి, అంత గట్టిగా లాగితే అది అంత ఇవ్వదు, పైగా సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది. మేం ఫుల్లు స్పీడులో గంటకు మించి పోము, రెండో స్పీడులో తెల్లవారుజామున గాలాలు వేసుకుంటూ ఎండ ఎక్కేదాకా తిరుగుతాం. శబ్దం లేకపోవడం వల్ల కొర్రమీను బెదరదని బావ నమ్మకం, నాకైతే చెవులకు హాయి, అంతే.

ఆషాఢం గాలికి ఎదురు పోవాలంటే మాత్రం ఇది చాలదు. పైనుంచి నీళ్లు వదిలి గేట్లు ఎత్తిన రోజుల్లో అసలు పడవే దించం. తెడ్లు ఎప్పుడూ పడవలో ఉండాల్సిందే.

కొనొచ్చా అంటే కొనొచ్చు, వైరు, బ్రేకరు ఖర్చు కూడా కలుపుకొని లెక్క వేసుకోండి. నాకు ఇప్పటికీ నచ్చనిది పడవకు బిగించే ప్లాస్టిక్ బ్రాకెట్. మూడు ఎండాకాలాలకే పగుళ్లిచ్చింది. సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి కట్టాం, ప్రస్తుతానికి అదే పట్టుకుని ఉంది.