బరంపురం నుంచి మ్యాచ్‌కి: కటకా, విశాఖా?

క్రికెట్ మ్యాచ్ తేదీ వచ్చిందంటే మా ఇంట్లో ఇదే గొడవ. రెండు చోట్లా చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

దూరం: కటక్ సుమారు 200 కిలోమీటర్లు, విశాఖ 270 పైనే. రెండూ ఒకే రైలు లైను.

సీట్లు: కటక్ బారాబతి స్టేడియంలో సుమారు 45 వేలు, విశాఖలో 27 వేల పైచిలుకు. టికెట్ టెన్షన్ మాత్రం రెండింటికీ ఒకటే.

దిగాక: బారాబతి ఊళ్లోనే, పాత కోట పక్కనే ఉంటుంది. విశాఖ స్టేడియం మధురవాడ వైపు. ఆటోవాడితో బేరం తప్పదు, రాత్రి తిరిగొచ్చేటప్పుడైతే వాడు చెప్పిందే రేటు.

జనం: కటక్ జనానికి కోపమొచ్చినా, ప్రేమొచ్చినా ఆగదు. 2015లో దక్షిణాఫ్రికా మీద మనవాళ్లు 92కే ఆలౌటైతే సీసాలు విసిరి ఆట ఆపించారు. 2017లో అక్కడే ఇంగ్లండ్ మీద యువరాజ్ 150, ధోని 134 కొట్టారు. విశాఖకీ 2005లో పాకిస్తాన్ మీద ధోని బాదిన 148 ఉందనుకోండి.

ఆట అయ్యాక: ఇక్కడ నా ఓటు కటక్‌కే. 1948 నుంచి ఆకాశవాణి ఉన్న ఊరు, పాటంటే చెవి కోసుకుంటారు. కార్తీక పౌర్ణమికి మొదలయ్యే బాలియాత్ర తిరునాళ్లలో, దొన్నెలో దహీబరా ఆలూదమ్ (పెరుగు వడలు, బంగాళాదుంప కూర) తింటూ, వేదిక మీది ఒడియా పాటలు వింటూ నిలబడితే కాళ్లనొప్పి తెలియదు. విశాఖలో దానికి బదులు సముద్రం.

పిల్లలూ, అమ్మా వస్తుంటే, అక్కడ చుట్టాలిల్లు కూడా ఉంటే విశాఖ. స్నేహితులతో, ఒక్క రాత్రికి, చేతి సంచీతో బయల్దేరితే కటక్.