గడ్డలు ఒకటే, జబ్బులు రెండు

పిల్లల మోచేతుల మీద, మడమల వెనక పసుపు గడ్డలు. కుటుంబ హైపర్‌కొలెస్ట్రాలిమియా, సిటోస్టెరాలిమియా అనే రెండు జన్యు జబ్బుల్లోనూ అవే కనిపిస్తాయి.

కుటుంబ హైపర్‌కొలెస్ట్రాలిమియాలో కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) సరిగా లాక్కోలేదు. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం వస్తే బిడ్డకు ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటడం మామూలే. ఆ అమ్మానాన్నలకూ ఎక్కువే ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు తప్పదు, అదొక్కటే చాలదు.

సిటోస్టెరాలిమియాలో పేగు మొక్కల స్టెరాల్‌ను (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల కొవ్వును) బయటికి నెట్టలేదు. ఇందులోనూ లోపం అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తుంది, కానీ వాళ్ల కొలెస్ట్రాల్ రిపోర్టు సాధారణంగా బాగానే ఉంటుంది. మేనరికం పెళ్లిళ్లున్న శ్రీకాకుళం ఇళ్లలో ఈ తేడా తప్పక చూడాలి. మామూలు ల్యాబ్ పరీక్ష మొక్కల స్టెరాల్‌నూ కొలెస్ట్రాల్‌గానే లెక్కేస్తుంది. రెండింటినీ విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు తగ్గి, సైజు పెరిగితే అనుమానం ఇంకా గట్టిది. స్టాటిన్ పెద్దగా పనిచేయదు, పేగులో స్టెరాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకునే ఎజెటిమైబ్ మందు పనిచేస్తుంది. నెయ్యి మాన్పించి నువ్వుల నూనె, పలాస జీడిపప్పు పెడితే గడ్డలు పెరుగుతాయి. ఆ రెండింటిలోనూ ఉన్నది మొక్కల స్టెరాలే.