జాగ్రత్త: బ్యాకప్ మధ్యలో మొరాయిస్తోందా? సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు కొన్న డ్రైవ్‌ని పట్టి చూడండి

బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనేవాళ్లు డబ్బా మీద చూసేవి రెండే: ఎన్ని టీబీ, యూఎస్‌బీ 3 ఉందా లేదా. బ్యాకప్‌ని నిలబెట్టేసే అసలు సంగతి మాత్రం డబ్బా మీద సాధారణంగా రాయరు. జేబులో పట్టే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కుల్లో ఇప్పుడు చాలావరకు ఎస్‌ఎమ్‌ఆర్ రకమే. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచుపైకి ఇంకో పెంకు ఎక్కినట్టు, వీటిలో డేటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. నడుమ ఒక్క పెంకు మార్చాలన్నా పైవరసలు కదిలించాలి కదా. డ్రైవ్ పనీ అంతే: చిన్న ఫైల్ మారినా, అలా ఎక్కి ఉన్న ట్రాకుల పట్టీ అంతా చదివి మళ్లీ రాసుకోవాలి. ఈ తిప్పలు బయటికి తెలియకుండా వచ్చిన డేటాని ముందు క్యాష్ అనే తాత్కాలిక భాగంలో పడేస్తుంది. అది ఖాళీగా ఉన్నంతసేపూ పరుగే. నిండాక చతికిలబడుతుంది.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ కింద ఆ డిస్క్‌ని చూస్తూ కూర్చోండి. కొంత వాడిన డ్రైవ్ అయితే మొదట సెకనుకు 100 ఎంబీకి అటూఇటూగా రాస్తుంది. కొన్ని పదుల జీబీలు వెళ్లాక గీత పడిపోయి 5, 10 ఎంబీల దగ్గర కొట్టుకుంటుంది, మధ్యమధ్య సున్నా. అదే సమయంలో యాక్టివ్ టైమ్ మాత్రం 100 శాతం, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు. డ్రైవ్ చచ్చిపోలేదు, లోపల సర్దుకుంటోంది. ఈలోగా బ్యాకప్ ప్రోగ్రామ్‌కి ఓపిక నశించి ఎర్రర్ ఇచ్చేస్తుంది. లెక్క చూడండి: 1 టీబీకి సెకనుకు 100 ఎంబీ చొప్పున మూడు గంటల్లోపు, 10 ఎంబీ అయితే దాదాపు 28 గంటలు.

మొదటి బ్యాకప్ సాధారణంగా చక్కగా అయిపోతుంది, ఎందుకంటే ఖాళీ డిస్క్ మీద వరసగా రాసుకుంటూ పోవడమే. పాతవి చెరిపి కొత్తవి రాయడం మొదలయ్యాకే అసలు రంగు తెలుస్తుంది, అప్పటికి రిటర్న్ గడువు దాటిపోతుంది. అందుకే కొన్న వారంలోనే పరీక్షించండి: వేల ఫొటోలున్న 100 జీబీ ఫోల్డర్ కాపీ చేయండి, చెరపండి, మళ్లీ చేయండి. డిస్క్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో, ఫీచర్ల వరసలో ట్రిమ్ (చెరిపిన చోట్లేవో డ్రైవ్‌కి చెప్పే సదుపాయం) వెలిగి ఉంటే, తిరిగే డిస్క్ విషయంలో అది దాదాపు ఖాయంగా ఎస్‌ఎమ్‌ఆరే. వెలగకపోతే కాదని మాత్రం అనుకోవద్దు. పెద్ద కంపెనీలూ మొదట్లో ఈ విషయంలో నోరు విప్పలేదు. 2020 ఏప్రిల్‌లో గొడవ అయ్యాకే వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణి డ్రైవుల్లో కొన్ని ఎస్‌ఎమ్‌ఆర్ అని ఒప్పుకుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే, ఆగిన బ్యాకప్‌ని వెంటనే మళ్లీ మొదలెట్టకండి. డ్రైవ్‌కి పవర్ ఉంచి, కంప్యూటర్ నిద్రపోకుండా చూసి, రాత్రంతా వదిలేయండి. ఏమీ కాపీ కాకపోయినా లైట్ మిణుకుమంటుంటే క్యాష్ ఖాళీ చేసుకుంటోందన్నమాట, అప్పుడు కేబుల్ పీకొద్దు. విడివిడి ఫైళ్లుగా కంటే ఒకే పెద్ద ఇమేజ్ ఫైల్‌గా (అన్నీ ఒకే ఫైల్‌లో మూటగట్టిన నకలుగా) బ్యాకప్ తీస్తే ఈ డ్రైవులు బాగా తట్టుకుంటాయి.

అన్నీ ఎస్‌ఎమ్‌ఆర్ నెత్తిన రుద్దడం కూడా న్యాయం కాదు. ఆగే తీరును బట్టి రోగం పట్టుకోవచ్చు. ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగితే ఎక్కడో చెడ్డ సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) ఉండొచ్చు, అది కొత్త డ్రైవ్‌లోనే ఉండాలని లేదు, మీ కంప్యూటర్ డిస్క్‌దీ కావచ్చు. రెండింటికీ స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి: చెడ్డ సెక్టార్ల లెక్క చూపే 05, సీ5, సీ6 వరసల్లో రా వాల్యూ సున్నా ఉండాలి. కొత్త డ్రైవ్‌లో సీ5 ఒక్కటి కనపడినా తిరిగిచ్చేయండి. సరిగ్గా 4 జీబీ దాటే ఫైల్ దగ్గర ఆగితే డ్రైవ్ అంతకంటే పెద్ద ఫైళ్లు పట్టని ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, ఫార్మాట్ మార్చితే చాలు. ఎక్కడపడితే అక్కడ ఆగుతూ, డ్రైవ్ ఊడి మళ్లీ తగిలిన చప్పుడు వస్తుంటే కేబుల్ లేదా కరెంటు. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీఆంప్సే ఇస్తుంది, 3 అయితే 900. డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకు మించి లాగొచ్చు. హబ్ తీసేసి, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుకి పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (పని లేనప్పుడు పోర్టుని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయండి. ఎప్పుడూ 35, 40 ఎంబీ దగ్గరే నిలిచిపోతే డ్రైవ్ యూఎస్‌బీ 2 వేగంతో నడుస్తోంది. ముందు కేబుల్ మార్చండి.

ఇక కారుచౌకగా దొరికే 16 టీబీ "పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ"లు శుద్ధ మోసం. లోపల ఉండేది మెమరీ కార్డ్, తప్పుడు సైజు చూపించేలా ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్) మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండాక కూడా రాస్తున్నట్టే నటిస్తుంది, తెరిస్తే ఫైళ్లు పాడై ఉంటాయి. విండోస్‌లో హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ప్రోగ్రాములు ఈ బండారం బయటపెడతాయి. రాసి, మళ్లీ చదివి సరిచూడటమే వాటి పని.

తిరిగిచ్చేటప్పుడు "స్లో" అని రాస్తే అమ్మినవాళ్లు పట్టించుకోరు. టాస్క్ మేనేజర్ గీత, స్మార్ట్ పేజీల స్క్రీన్‌షాట్లు జతచేయండి. పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన గంటలు) కూడా కనపడనివ్వండి, కొత్తదని అమ్మిన దాంట్లో వందల గంటలుంటే అదొక్కటే చాలు. పంపే ముందు క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. క్విక్ చేస్తే మీ ఫైళ్లన్నీ ఇంకా అందులోనే ఉంటాయి.