డాబా మీది గోల్ఫ్ మ్యాట్: మూడేళ్ళు కొట్టాక

కొలతలు, రంగు, ప్యాకింగ్ గురించి రాయను. ఐదడుగుల చదరం, పైన నైలాన్ గడ్డి, కింద ఫోమ్, మూలన రబ్బరు టీ (బంతిని ఎత్తులో నిలబెట్టే పుల్ల) దూర్చే రంధ్రం. ఈ ధరలో దొరికే మ్యాట్లన్నీ ఇంచుమించు ఇంతే. ఎదురుగా నెట్ కట్టి వారానికి నాలుగు రోజులు, రోజుకి డెబ్బై ఎనభై బంతుల చొప్పున మూడేళ్ళు వాడాక నాకున్న ఫిర్యాదు ఒక్కటే. బంతికంటే ముందే నేలని తాకే ఫ్యాట్ షాట్‌ని ఇది మంచి షాట్‌గా చూపిస్తుంది. తప్పు కొట్టినా శభాష్ అనే గురువులాంటిది.

ఎందుకలాగో కొంచెం వివరంగా చెప్పాలి. ఐరన్‌తో (ఇనప తల క్లబ్) సరిగ్గా కొడితే దాని హెడ్ ముందు బంతిని తాకుతుంది, ఆ తర్వాతే నేలని. స్వింగ్ వలయంలో అన్నిటికంటే కిందున్న బిందువు, అంటే లో పాయింట్, బంతి దాటాక రావాలి. మంచి ఆటగాళ్ళకి 7 ఐరన్‌తో అది బంతికి మూడు నాలుగు అంగుళాల ముందు, అంటే టార్గెట్ వైపు, ఉంటుంది. మనలాంటి వాళ్ళకి అంగుళం ముందున్నా సంతోషమే. లో పాయింట్ బంతికి వెనక పడితే అది ఫ్యాట్. పచ్చిక మీద అయితే శిక్ష వెంటనే పడుతుంది. హెడ్ మట్టిలో దిగబడి వేగం పోతుంది, గడ్డీ మట్టీ ఫేస్‌కీ (హెడ్‌లో బంతిని తాకే ముఖం) బంతికీ మధ్యలో చేరతాయి, 140 గజాలు పోవాల్సింది 110 దగ్గర కూలబడుతుంది. మ్యాట్ మీద హెడ్ దిగబడటానికి చోటే లేదు. నైలాన్ మీద జారి, ఫోమ్ మీద ఎగిరి, బంతికి తగులుతుంది. బంతి నెట్ మధ్యలోకే పోతుంది. అరచేతికి చిన్న అదురు తప్ప ఏమీ తెలియదు.

చప్పుడుని బట్టి పట్టుకోవచ్చని కొందరంటారు. 7 ఐరన్ హెడ్ వేగం గంటకి 75 మైళ్ళనుకుందాం. బంతికి రెండంగుళాల వెనక మ్యాట్‌ని తాకిన హెడ్ బంతిని చేరడానికి పట్టేది సుమారు 1.5 మిల్లీసెకన్లు. అంత తక్కువ తేడాలో రెండు దెబ్బల్ని చెవి విడదీయలేదు. వినపడేది ఒకే దెబ్బ, కాస్త మొద్దుగా. బంతి వేగం మాత్రమే చూసే చవక లాంచ్ మానిటర్ (షాట్‌ని కొలిచే పరికరం) పెట్టుకున్నా ఇదే తంతు: నాలుగైదు గజాలు తక్కువ చూపించి ఊరుకుంటుంది.

కొన్న ఆరునెలలకి రాసిన మొదటి సమీక్షలో "కాంటాక్ట్ బాగా కుదురుతోంది" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. కుదిరింది మ్యాట్‌తో.

ఇక అసలు సంగతి. రెండో ఎండాకాలంలో మ్యాట్ పాడైంది. డాబా ఎండకి పై పొరకీ ఫోమ్‌కీ మధ్య జిగురు మెత్తబడి గడ్డి పొర వదులైంది, బంతి పెట్టే చోట కింది ఫోమ్ పలచబడి అట్టలా అయింది. ప్రతి దెబ్బా కాంక్రీటుకి కొట్టినట్టు ముంజేతికి తగిలేది. ఐరన్ల అడుగున పచ్చటి మరకలు కూడా వచ్చాయి, రాపిడి వేడికి ప్లాస్టిక్ గడ్డి కరిగి అంటుకుంటుంది (కిరోసిన్ గుడ్డతో పోతాయి, కంగారు పడక్కర్లేదు). పారేద్దామని ఎత్తి చూస్తే, అరిగిన చోటు కనిపించింది.

బంతి ఎప్పుడూ ఒకే చోట ఉండాలని మొదటి రోజే తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టి ఉంచడం అదృష్టం. ఆ చుక్క కింద గడ్డి ఇంకా నిలబడే ఉంది. అరుగుడు మొదలైంది దానికి రెండున్నర అంగుళాల వెనక, అరచేతి వెడల్పున నున్నగా, బట్టతలలా. నా రెండేళ్ళ లో పాయింట్ చరిత్ర మొత్తం అక్కడ అచ్చయి ఉంది. నెట్‌లోకి వెళ్ళిన వేల బంతులు చెప్పని నిజం చిరిగిన మ్యాట్ చెప్పింది. మూడేళ్ళలో ఈ వస్తువు నాకు చేసిన పెద్ద ఉపకారం పాడైపోవడమే.

మీ దగ్గర పాత మ్యాట్ ఉంటే ఇప్పుడే వెళ్ళి చూడండి. చూడాల్సింది అరుగుడు మధ్యభాగం కాదు, వెనక అంచు. మ్యాట్ మీద హెడ్ చాలా దూరం జారుతుంది కాబట్టి ముందువైపు అరుగుడు ఎవరికైనా ఉంటుంది, అది చూసి మురిసిపోవద్దు. వెనక అంచు బంతి చుక్క కిందో ముందో మొదలైతే మీరు బాగానే కొడుతున్నట్టు. ప్రాక్టీస్ స్వింగులు కూడా అదే చోట వేసే అలవాటుంటే ఈ లెక్క పనికిరాదు, అవి పక్కన వేసుకోవాలి.

అరిగేదాకా ఆగక్కర్లేని పద్ధతి టాల్కం పౌడరు. బంతి చుక్కకి వెనక మూడు, ముందు మూడంగుళాలు వచ్చేలా పలచగా చల్లండి. ముగ్గు వేసినట్టు చిటికెడు చిటికెడు వదిలితే సమంగా పడుతుంది. బంతి పెట్టి, 9 ఐరన్‌తో నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా సగం స్వింగ్. హెడ్ ఎక్కడ తాకిందో అక్కడి నుంచి పౌడరు తుడుచుకుపోతుంది. తుడిచిన మరక వెనక అంచు బంతి చుక్కకి ఎంత వెనకుందో వేళ్ళతో కొలిచి రాసుకోండి. ఒక్కో బంతికి మళ్ళీ చల్లుకోవాలి, విసుగే, కానీ పది బంతులు చాలు. పదిలో ఏడింటికి మరక బంతి కిందో ముందో మొదలయ్యేదాకా ఫుల్ స్వింగ్ జోలికి పోవద్దు. రెండు జాగ్రత్తలు: షూ కింద పౌడరు పడితే జారతారు, నిలబడే వైపు పడనివ్వకండి, ఫేస్ గీతల్లో పౌడరు చేరి రాపిడి మారుతుంది కాబట్టి ఆ పది బంతుల దూరం, స్పిన్ లెక్కలోకి తీసుకోకండి.

పచ్చిక దొరికిన రోజు ఇదే పని ముగ్గు గీతతో చేయాలి. రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానం) డివట్, అంటే హెడ్ పెకలించే గడ్డి పెళ్ళ, తీయనిచ్చే చోట మూడు గజాల సన్న గీత గీసి, బంతి లేకుండా, గీతని రెండు పాదాలకీ మధ్యలో ఉంచుకుని గీత పొడుగునా పది పన్నెండు స్వింగులు. ప్రతి డివట్ గీత మీదో, గీతకి టార్గెట్ వైపో మొదలవ్వాలి. బంతి లేకపోతే మనిషి ఎంత బాగా ఊపుతాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బంతి పెట్టగానే మళ్ళీ కిందనుంచి ఎత్తిపెట్టాలనే యావ మొదలవుతుంది, మణికట్టు మడత ముందే విడిపోతుంది, బరువు కుడికాలి మీద ఆగిపోతుంది. లో పాయింట్ వెనక పడటానికి మూలం దాదాపు ఎప్పుడూ ఈ రెండే. (ఎడమచేతి వాటం వాళ్ళు కుడి ఎడమలు తిరగేసుకోవాలి.)

తువ్వాలు డ్రిల్ అందరికీ తెలిసిందే, బంతికి బెత్తెడు వెనక మడిచిన తువ్వాలు పెట్టి దాన్ని తాకకుండా కొట్టడం. దీన్ని నేను గతంలో తెగ మెచ్చుకున్నాను, ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. మందపాటి తువ్వాలు పెడితే దాన్ని తప్పించాలనే భయంతో హెడ్‌ని నిట్టనిలువుగా, గొడ్డలి దించినట్టు దించడం అలవాటవుతుంది. లేదా ఆఖరి క్షణంలో చేతులు పైకి లాగేసుకుని థిన్ (హెడ్ అంచు బంతి నడుముకి తగిలే దెబ్బ) కొడతారు. రెండూ తువ్వాలుని దాటేస్తాయి, రెండూ తప్పే. అందుకని పలచని చేతిగుడ్డ, ఒకే మడత. ముందు జానెడు వెనక పెట్టి మొదలుపెట్టి, వరసగా ఐదు శుభ్రంగా పడ్డాక అంగుళం చొప్పున ముందుకి జరపాలి. బెత్తెడు కంటే దగ్గరికి తేవద్దు. కొట్టేటప్పుడు గుడ్డ గురించి కాదు, బెల్టు బకిల్ ఎడమ షూ లేసు పైకి చేరిందా లేదా అన్నదాని మీదే ధ్యాస.

షార్ట్ గేమ్‌కి (రంధ్రం దగ్గరి చిన్న షాట్లకి) వస్తే కోపం ఇంకా ఎక్కువ. చిప్‌కి (తక్కువ ఎత్తులో పోయే చిన్న దెబ్బ) మ్యాట్ అంత మోసం మరొకటి లేదు. వేగం తక్కువ కాబట్టి వెడ్జ్ (ఈ చిన్న షాట్ల క్లబ్) బంతికి మూడంగుళాల వెనక తాకినా మెల్లగా జారుకుంటూ వచ్చి బంతిని ముద్దుగా లేపుతుంది. షాఫ్ట్‌ని (క్లబ్ కర్రని) టార్గెట్ వైపు బాగా వాల్చి, లీడింగ్ ఎడ్జ్‌తో (ఫేస్ కింది అంచుతో) పొడిచినా చెల్లిపోతుంది. ఇదే చిప్‌ని మన గోల్ఫ్ కోర్సుల్లో గరిక మీద కొట్టి చూడండి. బెర్ముడా గ్రాస్ అని పెద్ద పేరు పెట్టి పిలిచేది వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక జాతే. పాకుతూ పెరుగుతుంది, దానికి ఒక వాలు ఉంటుంది. మీరు నిలబడ్డ చోటినుంచి గడ్డి మెరుస్తూ కనిపిస్తే వాలు మీ నుంచి దూరంగా ఉన్నట్టు, వెడ్జ్ సులువుగా జారుతుంది. ముదురుగా కనిపిస్తే వాలు మీకు ఎదురు. అప్పుడు లీడింగ్ ఎడ్జ్ ఆ పోచల్లో ఇరుక్కుని అక్కడే ఆగిపోతుంది, బంతి రెండడుగులు దొర్లుతుంది.

దీనికి మందు వెడ్జ్ అడుగునే ఉంది, బౌన్స్, అంటే అడుగుభాగం లీడింగ్ ఎడ్జ్ కంటే కిందికి ఉబ్బి ఉండే కోణం. 56 డిగ్రీల (ఇది ఫేస్ వాలు) శాండ్ వెడ్జ్‌కి సాధారణంగా 10 నుంచి 14 డిగ్రీల బౌన్స్ ఉంటుంది. షాఫ్ట్‌ని ఎంత ముందుకి వాలిస్తే అంత బౌన్స్ పోతుంది: 12 డిగ్రీల వెడ్జ్‌ని 10 డిగ్రీలు వాల్చారంటే కత్తితో నేల చెక్కుతున్నట్టే. పాదాల మధ్య బెత్తెడు ఎడం, బంతి మధ్యలో, బరువు ముప్పాతిక భాగం ఎడమకాలి మీద మొదటినుంచి చివరిదాకా, గ్రిప్ బంతి కంటే ఒక్క పిసరు ముందు. అంతే. మ్యాట్ మీద దీన్ని సాధన చేయాలంటే కుడికాలు వెనక్కి జరిపి మునివేళ్ళు మాత్రమే ఆనించి చిప్ చేయండి. బరువు వెనక్కి పోవడానికి దారి ఉండదు. చెవి పనికొచ్చేది కూడా ఇక్కడే. చిప్ నెమ్మది కాబట్టి వెడ్జ్ అడుగు మ్యాట్‌ని చరిచే మెత్తటి చప్పుడుకీ, అంచు పొడిచే "టిక్"కీ తేడా రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

నెట్ తీసేసి డాబా మీద మూడు, ఐదు, ఏడు అంగల దూరంలో చేతిగుడ్డలు పరచి వాటి మీద బంతి వాలేలా కొట్టే నిచ్చెన డ్రిల్ ఒక్కటే ఈ మ్యాట్ మీద నిజాయితీగా సాగేది. అక్కడ కొలిచేది బంతి వాలే చోటుని, మ్యాట్ దానికి అడ్డురాదు. వరస క్రమంలో కాకుండా కలగాపులగంగా మూడూ కొట్టండి. పిట్టగోడ మూడడుగులైనా లేకపోతే ఏడంగలది వదిలేయండి, కింద పార్క్ చేసిన కార్లతో గొడవెందుకు.

రిపేరు సంగతి. అట్టలా మారిన ఫోమ్ కింద 10 మిల్లీమీటర్ల ఈవీఏ షీటు వేశాను, పిల్లలు ఆడుకునే చోట పరిచే జిగ్‌సా పలకల రకం. మొదట బంతి పెట్టే చోట మాత్రమే వేయడం పొరపాటు. బంతి పాదాల కంటే సెంటీమీటరు ఎత్తయింది, వారంలోనే వలయం దానికి తగ్గట్టు పైకి లేచింది, కోర్సులో సమతలం మీద వరసగా థిన్. నిలబడే చోట కూడా అదే మందం వేశాకగానీ సర్దుకోలేదు. వదులైన పై పొరని అతికించకుండా బంతి చోట అడుగు పొడుగు, జానెడు వెడల్పు ముక్క కోసేసి కొత్త ముక్క కూర్చాను. అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. మొత్తం మ్యాట్ కొనడం కంటే చాలా చవక.

మోచేయి సంగతి కూడా చెప్పాలి. గట్టిపడ్డ మ్యాట్ మీద రోజూ ఫ్యాట్ కొడితే అదురంతా మోచేతికి చేరుతుంది, ఎక్కువగా ఎడమచేతికి. కప్పు ఎత్తితే మోచేయి బయటివైపు సలుపుతోందంటే ఫోమ్ అయిపోయిందని అర్థం. డ్రిల్స్ ఆపి ముందు కింది పొర మార్చండి.

కొనాలా వద్దా? గోల్కొండ నయా ఖిల్లా కోర్సుకో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో అరగంటలో చేరేవాళ్ళయితే ఆ డబ్బు రేంజ్ బంతులకి పెట్టడం మేలని నా లెక్క. నాలాగా పచ్చిక నెలకి రెండుసార్లే దొరికేవాళ్ళకి మ్యాట్ లేకుండా కుదరదు, కాకపోతే పక్కనే పౌడరు డబ్బా ఉండాలి. డ్రైవర్‌కి (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) మాత్రం ఏ పేచీ లేదు. బంతి టీ మీద ఉంటుంది, హెడ్ నేలని తాకే పనే లేదు. మొదటి సమీక్షలో ఐదు స్టార్లిచ్చాను. ఇప్పుడు డ్రైవర్‌కి నాలుగు, ఐరన్లకి రెండు, చిప్‌కి ఒకటి.

కొత్త ముక్క వేసి తొమ్మిది నెలలైంది. అరుగుడు చుక్క కిందనుంచి మొదలైంది, అర అంగుళం అటూ ఇటూ. వెనకవైపు చిన్న పాయ ఒకటి కనిపిస్తోంది గానీ అది 5 ఐరన్ (కొట్టడం కష్టమైన పొడుగు క్లబ్) రోజులదని నా అనుమానం.