కేజ్‌లో, ఊక మీద 80 వారాలు: లేయర్ కోడి గుడ్డు, ఎముక, మాంసం

రేటింగ్: కేజ్‌కు గుడ్ల విషయంలో 5కు 4, ఎముకల విషయంలో 1. ఊక షెడ్డుకు రెండింట్లోనూ 3.

గుడ్ల కోసం పెంచే (లేయర్) బీవీ-300 జాతి పెట్టలను ఒకే దాణాతో కాలిఫోర్నియా కేజ్‌లోనూ (మెట్లు మెట్లుగా పేర్చిన ఇనుప తీగల గూళ్లు), వరి ఊక పరిచిన షెడ్డులోనూ వరుసగా కొన్ని బ్యాచ్‌లు పెంచి చూశాక రాస్తున్నాం. కేజ్ గుడ్డును నాటుగుడ్డుతో పోల్చి కోడి ఉండే ఇంటి (కేజా, షెడ్డా) గురించి తీర్పు చెప్పకూడదు. అక్కడ జాతి, మేత, వయసు అన్నీ వేరు. జాతి, దాణా ఒకటే అయినప్పుడు గుడ్డును ఎక్కువగా మార్చేది కోడి వయసు. ఇంటి ప్రభావం చూడాలంటే ఎముక పట్టి చూడాలి.

20–22 వారాలప్పుడు గుడ్డు 45 గ్రాముల దగ్గర మొదలవుతుంది, 70 వారాలకు 60 దాకా పోతుంది. ఒక్కో పెంకుకు కోడి ఇచ్చే కాల్షియం మాత్రం మొదట్లోనూ చివర్లోనూ ఇంచుమించు అంతే, 2 గ్రాముల పైచిలుకు. అదే సున్నం పెద్ద గుడ్డు మీద పరుచుకోవాలి కాబట్టి పెంకు పలచబడుతుంది. 60 వారాలు దాటాక ట్రేలలో పగుళ్లు పెరిగేది ఇందుకే. తెల్లసొన నీరవుతుంది, పచ్చసొన వాటా పెరుగుతుంది. పచ్చసొన రంగుకు ఇంటితో సంబంధం లేదు. దాణాలో పచ్చ మొక్కజొన్న తగ్గించి నూకలు పెంచితే ఏ ఇంట్లోనైనా అది పాలిపోతుంది.

పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రి, కోడి దాణా ముట్టని వేళ. మెత్తటి సున్నపురాయి పొడి అప్పటికే కడుపు దాటిపోతుంది. అందుకని సున్నంలో సగానికి పైగా 2–4 మిల్లీమీటర్ల షెల్ గ్రిట్ (గుల్ల పలుకులు) ఉండాలి, సాయంత్రం మేతలో పడాలి. కోడి రోజుకు 110 గ్రాములు తింటే 4 గ్రాముల కాల్షియం అందేలా చూసుకోవాలి. ఎండాకాలంలో మేత తగ్గుతుంది కాబట్టి దాణాలో కాల్షియం శాతం పెంచాల్సిందే. దానికి తోడు రొప్పే కోడి రక్తంలో పెంకుకు కావలసిన బైకార్బొనేట్ పడిపోతుంది, తోలుగుడ్లు (గట్టి పెంకు లేని గుడ్లు) మొదలవుతాయి. అప్పుడు గ్రిట్ ఒక్కటే చాలదు, షెడ్డు చల్లబరచాలి.

పెంకు పరీక్షకు లీటరు నీటిలో సుమారు 125 గ్రాముల ఉప్పు కరిగించి ఆ రోజు గుడ్లనే వేయండి. మునిగితే పెంకు బాగున్నట్టు, తేలేవి పలచనివి. నిన్నటి గుడ్డులో గాలి గది పెరిగి ఉంటుంది, లెక్క తప్పుతుంది.

కేజ్ గెలిచేది శుభ్రత దగ్గర. గుడ్డు జారి ముందుకొస్తుంది, రెట్ట అంటదు. ఊక మీద అయిదు పెట్టలకు ఒక గూడు పెట్టె చొప్పున, గుడ్లు మొదలవకముందే, వెలుతురు తక్కువ ఉన్నచోట పెట్టాలి. ఆలస్యమైతే మూలల్లో పెట్టడం అలవాటవుతుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. ఊకను పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టకూడదు. కడితే అమ్మోనియా, ఆ వెనకే కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు.

ఇక ఎముక సంగతి. ఇది ఎవరూ పట్టించుకోరు, బాధంతా ఇక్కడే ఉంది. మొదటి గుడ్డుకు దాదాపు రెండు వారాల ముందు నుంచి కాలి ఎముకల లోపల మెడుల్లరీ ఎముక ఏర్పడుతుంది. అది పెంకు కోసం దాచుకున్న సున్నం. అప్పటి నుంచి గట్టి ఎముక పెరగడం ఆగిపోతుంది, అరుగుతుంది తప్ప చేరదు. కదలిక ఉంటే ఆ అరుగుదల నెమ్మదిస్తుంది. 15×12 అంగుళాల గదిలో మూడు కోళ్లుంటే రెక్క చాపే చోటే లేదు. అందుకే 70 వారాల కేజ్ కోడి రెక్క ఎముక పట్టుకోవడంలోనే విరుగుతుంది. కేంద్ర ప్రభుత్వ 2023 నిబంధనలు కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఇవ్వాలన్నాయి. పాత గదిలో దక్కేది 390 లోపే.

కళ్లు చురుగ్గా ఉండి, లేవలేక పక్కకు పడిపోయిన కోడిని చచ్చినదానికింద లెక్కేయకండి. అది కేజ్ ఫటీగ్, అంటే ఎముకల్లో సున్నం తరిగి కాళ్లు పట్టు తప్పడం. నేల మీదకు దించి, నీళ్లు, దాణా, గ్రిట్ ముక్కు దగ్గర పెడితే చాలావరకు కొద్ది రోజుల్లో నిలబడతాయి.

ఊక షెడ్డులో కాలి ఎముక గట్టిది, కానీ రొమ్ము మధ్య ఎముక విరుగుతుంది. ఎత్తైన దండెల మీంచి దూకి గుద్దుకోవడం దానికి ఒక కారణం. దండె రెండడుగులకు మించకూడదు, అంచులు గుండ్రంగా ఉండాలి. 16 వారాల లోపే దండె ఎక్కడం నేర్పాలి, ఎందుకంటే ఎముక బలం కూడేది ఆ వయసులోనే. కానీ తొందరపడి ఆ పిల్లలకు కాల్షియం ఎక్కువుండే లేయర్ దాణా పెడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

మాంసానికి వయసే ముఖ్యం. కండలోని కొల్లాజెన్ ముదిరి వేడికి త్వరగా కరగదు కాబట్టి లేయర్ కోడి ముక్క రబ్బరులా సాగుతుంది. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి, కుక్కర్‌లో సన్నటి సెగ మీద ఎక్కువసేపు ఉంచాలి. పులుసుకు, రసానికి మాత్రం బ్రాయిలర్ దీని ముందు నిలవదు. ఊక మీద తిరిగిన కోడి తొడ కాస్త గట్టిగా ఉంటుంది, కేజ్ కోడి పొట్టలో కొవ్వు ఎక్కువ. కీమా కొట్టించేవారు కేజ్ కోడితో జాగ్రత్త పడాలి, విరిగిన ఎముక పెచ్చులు మాంసంలో కలుస్తాయి.

అమ్మే రోజు కోళ్లను ఒంటికాలితో లాగనివ్వకండి. మసక వెలుతురులో, రెండు కాళ్లూ కలిపి పట్టి, రొమ్ము కింద చెయ్యి వేసి, ఒక్కొక్కటిగా కేజ్ నుంచి తీయించండి. కూలీలు గంట ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి.