హోటల్ మెనూకి వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త

నిన్న కనుమ. రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లారకుండానే కూర్చుని ఇది రాస్తున్నాను.

భీమవరం నుంచి అమలాపురం దాకా హోటళ్ల వెంట తిరుగుతూ వెబ్‌సైట్లు చేసిపెడతానంటున్న ఆయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. "వర్డ్‌ప్రెస్‌లో చేస్తానండీ, రేట్లు మారితే మీరే ఫోన్‌లో మార్చుకోవచ్చు" అంటాడు. వర్డ్‌ప్రెస్ అంటే వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్. నాతోనూ అదే అన్నాడు. రావులపాలెం దగ్గర హైవే మీద మాది భోజన హోటల్, మా నాన్నగారు పెట్టింది. 38 వేలకి మాట్లాడుకుని వినాయక చవితికి ముందే మొత్తం ఇచ్చేశాను. పని సరిగ్గా చూడకుండా మొత్తం ఇచ్చేశాను. ఆ తప్పు నాదే.

నిన్న మధ్యాహ్నం హైదరాబాద్ కారు ఒకటి ఆగింది. ఐదుగురు, అందులో ఒక పెద్దావిడ. చేతులు కడుక్కుని కూర్చున్నారు, ఆకులు వేశాం, నీళ్లు చల్లుకుని తుడుచుకున్నారు. మెనూ కార్డు ముట్టుకోకుండానే "పులస పులుసు ఐదు" అన్నాడు ఆ కొడుకు. మా సప్లయర్ కుర్రాడు "ఇప్పుడు పులస ఎక్కడిదండీ" అన్నాడు. నిజమే కదా, సముద్రంలో ఉండే ఇలస గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఎదురీదుతూ పైకి వస్తేనే పులస. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది. సంక్రాంతికి ఎవరు తెస్తారు?

ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. మా సైటే. మా హోటల్ పేరు, కింద "పులస పులుసు, ఈరోజు లభించును".

దసరా నుంచి మూడుసార్లు సైట్ చేసినాయనకి వాట్సాప్ పెట్టాను, సీజన్ అయిపోయింది, అది తీసేయమని. మూడుసార్లూ "చేస్తానండీ" అని జవాబు వచ్చింది. అవన్నీ ఆ కస్టమర్‌కి ఎలా చెప్పను? "అంటే ఇలస వండి పులసని అమ్ముతారన్నమాట. అడిగినవాడికి లేదంటారు, అడగనివాడికి అదే పెడతారు" అన్నాడు. హాలు నిండా జనం, అందరూ విన్నారు. పెద్దావిడ "పద నాన్నా, ఇక్కడొద్దు" అని లేచింది. ఐదుగురూ లేచిపోయారు. వేసిన ఆకు ముందు నుంచి మనిషి లేచి వెళ్లడం మా హోటల్లో నేనెప్పుడూ చూడలేదు. ఖాళీ ఆకులు ఐదు, వాటి మీద నీళ్లు ఇంకా ఆరలేదు. నేనే తీశాను, కుర్రాళ్లతో తీయించబుద్ధి కాలేదు.

వెంటనే వెనక పొయ్యిల దగ్గరికి వెళ్లి సైట్ చేసినాయనకి ఫోన్ చేశాను. ఆరోసారికి ఎత్తాడు. "పండగ పూట ఈ గోలేంటండీ" అన్నాడు. సరే, నాకు లాగిన్ ఇవ్వండి, నేనే తీసుకుంటానన్నాను. "మీకిచ్చాను కదా." అది పనిచేయడం లేదన్నాను. "అన్నీ మార్చుకునే అడ్మిన్ లాగిన్ కావాలంటే 15 వేలు అవుతుంది." పోనీ నా మెనూ అంతా ఒక ఫైల్‌లో పంపండి, వేరేవాళ్లతో చేయించుకుంటానన్నాను. అప్పుడన్న మాట ఇది: "డేటా అంటే ఏముంది, మీ కూరల పేర్లేగా. మళ్లీ టైప్ చేసుకోండి. డొమైన్ కూడా నా పేరు మీదే ఉంది, గుర్తుపెట్టుకోండి."

డొమైన్ అంటే సైట్ అడ్రస్సు. మా నాన్నగారు పెట్టిన హోటల్ పేరు. అది ఇప్పుడు వాడి పేరు మీద ఉంది.

రాత్రి మా అమ్మాయి లాప్‌టాప్‌లో కూర్చుని చూసింది. నాకిచ్చిన లాగిన్ సబ్‌స్క్రైబర్‌దట. దానితో మన పాస్‌వర్డ్, సొంత వివరాలు మార్చుకోవడం తప్ప సైట్‌లో ఇంకేం మార్చలేమట. ఇక మెనూ సంగతి. పులస ఐదు చోట్ల ఉంది: మొదటి పేజీలో, చేపల పేజీలో, స్పెషల్స్‌లో, ఇంగ్లీషు పేజీలో, ఒక పీడీఎఫ్‌లో. ఎక్కడికక్కడ విడిగా టైప్ చేసి పెట్టాడు. స్పెషల్స్ అయితే బొమ్మే, అందులో అక్షరం మార్చాలంటే బొమ్మంతా మళ్లీ చేయాలి. రొయ్యల వేపుడు ఒక పేజీలో 220, ఇంకో పేజీలో 260. గొడవ పెట్టుకునే కస్టమర్ ఇంకా దొరకలేదు, అంతే.

అమ్మాయి చెప్పింది, వర్డ్‌ప్రెస్‌లో కస్టమ్ పోస్ట్ టైప్ అని 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ ఉందట. ఒక్కో వంటకానికీ ఒక్కో ఎంట్రీ. అందులోనే పేరు, రకం, హాఫ్ రేటు, ఫుల్ రేటు, ఇవాళ ఉందా లేదా అన్న టిక్కు. పేజీలన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి. అలా చేసి ఉంటే ఒక్క టిక్కు తీస్తే పేజీలన్నింట్లోనూ పులస పోయేది. ఆ పని చేయలేక మానలేదు వాడు. అలా చేస్తే రేటు మారిన ప్రతిసారీ మనం వాడికి ఫోన్ చేయక్కర్లేదు కదా, అదీ కారణం. రేటు మార్చినప్పుడల్లా 200 తీసుకున్నాడు నా దగ్గర.

చేయించుకునేవాళ్లు ఇవి చూసుకోండి. డొమైన్ మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ నంబర్ మీద కొనండి. మీ లాగిన్ అడ్మినిస్ట్రేటర్‌దో కాదో చూడండి. మిగతా డబ్బు ఇచ్చేముందు వాడి ఎదురుగానే మీరే ఒక కూర రేటు మార్చి, అన్ని పేజీల్లో మారిందో లేదో చూడండి. ఎక్సెల్‌లో వంటకానికి ఒక వరుస చొప్పున మెనూ అంతా రాసి మీ దగ్గర ఉంచుకోండి. నా దగ్గర అదీ లేదు, ఇవాళ్టి నుంచి రాయడం మొదలుపెట్టాం.

సైట్‌లో ఈ నిమిషానికీ పులస ఉంది. అది చూసి ఎవరూ బయల్దేరకండి. నిన్న లేచి వెళ్లిపోయిన ఆ కుటుంబం మీలో ఎవరికైనా తెలిస్తే, మేం ఇలసని పులస అని ఎప్పుడూ పెట్టలేదని ఆ పెద్దావిడకి చెప్పండి.