దక్షిణ ధ్రువ నక్షత్రం కోసం తిరిగిన మూడు ఊళ్లు: ఎక్కడ బాగుంది, ఎక్కడ లేదు

ఉత్తరాన ధ్రువ నక్షత్రాన్ని (పోలారిస్) పోల్చుకోవడం తేలికే. దక్షిణాన ఆ హోదా సిగ్మా ఆక్టాంటిస్‌ది, పోలారిస్ కన్నా దాదాపు 25 రెట్లు మసక, చంద్రుడుంటే కంటికి ఆనదు. అది ఉన్న ఆక్టన్స్ నక్షత్ర మండలం మొత్తం అంతే. దాన్ని తీరిగ్గా చూడాలనే సరదాతోనే ఈ ఊళ్లు తిరిగాం.

చిలీలోని శాన్ పెద్రో దె అటకామా ఆకాశానికి వంక పెట్టలేం, 2,400 మీటర్ల ఎత్తు, పొడి గాలి. కానీ అక్కడి అక్షాంశం 23 డిగ్రీలే కాబట్టి ఆకాశపు దక్షిణ ధ్రువం కూడా అంతే డిగ్రీల ఎత్తులో, కొండల పక్కన కిందకి ఉంటుంది. మేం బుక్ చేసుకున్న టూర్ గైడ్ లేజర్‌తో త్రిశంకు (సదరన్ క్రాస్), మెజెల్లానిక్ మేఘాలు అనే చిన్న గెలాక్సీలు చూపించి, గబగబా ఫొటోలు తీసి వ్యాన్ ఎక్కించేశాడు. ఆక్టన్స్ అడిగితే అక్కడేముందన్నట్టు మొహం పెట్టాడు. ఉంది మరి! అందులో అన్నిటికన్నా కాంతివంతమైన నూ ఆక్టాంటిస్ 3.7 మాగ్నిట్యూడే (ఈ అంకె పెరిగేకొద్దీ మసక) అయినా, అదో జంట, రెండోది శ్వేత కుబ్జమని (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం), వాటి మధ్య అవి తిరిగే దిశకి ఎదురుగా తిరిగే గ్రహం ఉందని 2025లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

నా ఓటు దక్షిణాఫ్రికాలోని సదర్లాండ్‌కి. కేప్‌టౌన్ నుంచి కారులో నాలుగైదు గంటలు. 1750ల మొదట్లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త కేప్‌టౌన్‌లోనే కూర్చుని పదివేలకు దగ్గరగా నక్షత్రాలు లెక్కగట్టి, నావికుల కొలత పరికరం పేరుతో ఈ మండలాన్ని గీశాడు. ఊరి బయట ఫార్మ్ స్టేలో దిగాం, అడగ్గానే వరండా లైట్లన్నీ ఆర్పేశారు. త్రిశంకు పొడవు గీతని పై చుక్క నుంచి కింది చుక్క మీదుగా నాలుగున్నర రెట్లు సాగదీసి, ఆ చుట్టుపక్కల 10x50 బైనాక్యులర్ మెల్లగా తిప్పితే, ఆక్టన్స్‌లోని సిగ్మా, టౌ, కై, ఉప్సిలాన్ నక్షత్రాలు నాలుగూ వంకర చతుర్భుజంలా ఒకే చూపులో ఇమిడిపోయాయి. ఫొటోలు తీసేవాళ్లు ట్రాకర్ (నక్షత్రాలతో పాటు కెమెరాని తిప్పే పరికరం) సరిచేసుకునేది దీంతోనే. అక్కడి అబ్జర్వేటరీ రాత్రి టూర్ సందర్శకుల కోసం పెట్టిన టెలిస్కోపులతోనే, 11 మీటర్ల అద్దమున్న సాల్ట్ అనే పెద్ద టెలిస్కోపుని పగలు మాత్రమే చూపిస్తారు, అది తెలియక వచ్చినవాళ్లు డీలా పడుతున్నారు. చలికాలంలో సున్నాకి దిగిపోతుంది, గ్లవ్స్ లేకుండా ఫోకస్ తిప్పడం నరకం.

న్యూజిలాండ్ టెకాపోలో ధ్రువం 44 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఆక్టన్స్‌కి అంతకన్నా మంచి చోటు మేం చూడలేదు. కానీ మబ్బులతో టెన్షన్. వీధి దీపాలు కిందికే వెలిగేలా పెట్టారు గానీ, మా బస పార్కింగ్‌లో ఎవరు కదిలినా భగ్గున వెలిగే సెన్సర్ లైటు ఒకటి ప్రాణం తీసింది. కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోగలిగితేనే అటు వెళ్లండి. ఎక్కడికైనా అమావాస్య చూసుకుని బుక్ చేయండి, బయటి లైట్లు ఆర్పుతారా అని ముందే మెయిల్‌లో రాయించుకోండి.